తెరమీద ఆర్థర్ క్లార్కు

గ్రంథకర్తను గ్రంథములయందే వెదకవలెననుట సామాన్యధర్మము. వైజ్ఞానిక కల్పనాకథలకు పేరొందిన ఆర్థర్ సి. క్లార్కు విషయమున ఈ ధర్మము చాలదు. ఆతని పుస్తకములు చేరని యిండ్లకును ఆతని ముఖము చేరినది. ఆ ముఖము లోకమున కేమి బోధించెనో విచారింపవలసియున్నది.

ఆతడు 1917లో ఇంగ్లండునందలి మైన్‌హెడ్‌లో జన్మించి, 1956లో సింహళమునకు వలసవచ్చి, 2008లో కొలంబోలో కాలధర్మము నొందెను. సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితోపాటు తిరుగు మూడు కేంద్రములు లోకమంతటికి ప్రసారముల నందింపగలవని 1945లోనే వ్రాసెను. ముప్పదియేండ్లకు, 1975-76లో, భారతదేశపు ఉపగ్రహ విద్యాప్రయోగము ఆ త్రోవనే తెలుగుపల్లెలతో గూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు బొమ్మలను, మాటలను కొనివచ్చెను. తెరను పల్లెకు చేర్చు మార్గము చూపినవాడే తెరపై కనబడినపుడు బాధ్యత యినుమడించును.

1984 నాటి ‘2010’ చిత్రమున శ్వేతభవనము ముంగిట కూర్చుండి పావురములకు మేత వేయు వృద్ధు డాతడే. అది వినోదమాత్రము. లెస్టర్ జేమ్స్ పీరిస్ తీసిన ‘బెద్దేగమ’లోని వేషము అట్టిది కాదు. లెనార్డ్ వుల్ఫు 1913లో ప్రకటించిన సింహళ గ్రామకథకు రూపమైన ఆ చిత్రమున క్లార్కు ఆంగ్ల న్యాయాధికారి యయ్యెను. ఎదుట నిలిచిన పల్లెవాని దుఃఖము ఎరుగకయే చట్టప్రకారము తీర్పు చెప్పు పాత్ర యది. ఆ దీవినే ఇల్లు చేసికొన్న ఆంగ్లేయు డా పీఠమెక్కుట నటనకు మించిన సత్యమును స్ఫురింపజేయుచున్నది.

అసలు వివాదము 1980లో ఇంగ్లండున ప్రసారమైన ‘మిస్టీరియస్ వరల్డ్’ను గూర్చినది. సరస్సులలోని వింతజంతువులు, హిమమానవుడు, ఆకాశమున ఎగురు పళ్లెములు అందలి విషయములు. వింతలు మూడు తెగలని క్లార్కు విభజించెను: నేడు కారణము తెలిసినవి, ఇంకను పూర్తిగా తెలియనివి, మనకు బొత్తిగా బోధపడనివి. ఈ విభాగము మెచ్చదగినది. తెలియనిదెల్ల దైవికము కాదని యిది నేర్పును. కాని మొదట, తుద ఆతడు పలుకు నాలుగు సందేహవాక్యములకు నడుమ సాక్షుల కథలే నిండియుండును. చూచినది మనసున నిలుచును. విన్న సందేహము జారిపోవును. ఆతని సంశయము వినుటకుమున్నే ఆతని పేరు ఆ కథలకు ముద్ర వేసినది.

ఆతనిది వంచన యని యనరాదు, ఔదాసీన్యమనవచ్చును. నిప్పులపై నడచుటను మహిమగా నెంచు ఇండ్లలో శాస్త్రజ్ఞుని మాట మంత్రమువలె పనిచేయును. అట్టి మాట ప్రశ్నతో ముగిసిన చాలదు, ప్రశ్నతోనే మొదలు కావలెను. చదువరులు ఆతని పుస్తకములను పిల్లల చేతి కిండు, ఆ చిత్రములను చూపునపుడు మాత్రము ప్రక్కనే కూర్చుండి, “దీనికి సాక్ష్యమేది?” యని వారిచేత అడిగింపుడు.