తినని పాముపిల్లకు తొలి ముద్ద

గుడ్డు చీల్చుకుని వచ్చిన కార్న్ స్నేక్ అనే అమెరికా పాము పిల్ల పెన్సిల్ మందాన ఉంటుంది. బరువు 6 నుంచి 8 గ్రాములు. ఇంకా వెంట్రుకలు రాని చచ్చిన ఎలుకపిల్లను గోరువెచ్చగా చేసి దాని ముందు పెడతారు. పాముపిల్ల ఒకటి రెండుసార్లు నాలుక ఆడించి, తల తిప్పుకుని వెళ్లిపోతుంది. నాలుగు రోజులాగి మళ్లీ పెట్టినా అంతే. పాములు పెంచేవాళ్ల అసలు పనితనం బయటపడేది ఇక్కడే. కొత్త కొత్త రంగుల్లో పాముల్ని పుట్టించేవాళ్ల పేర్లే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం, తిననన్న పిల్ల తనంతట తానే తినేలా చేయగలిగినవాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

వాళ్లు మొదట చేసేది దాని జోలికి పోకుండా ఉండటం. గుడ్డులోంచి వచ్చేటప్పటికి పిల్ల పొట్టలో పచ్చసొన ఇంకా కొంత మిగిలి ఉంటుంది. సాధారణంగా వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడుస్తుంది. అందాకా చాలా పిల్లలకు తిండి ధ్యాసే ఉండదు. కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడేది ఆ రోజుల్లోనే. గంటకోసారి డబ్బా మూత తీస్తారు, చేతిలోకి తీసుకుంటారు, ముక్కు దగ్గర ఎలుకపిల్లను ఊపుతారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ ప్రాణికి పైనుంచి దిగే ప్రతి చెయ్యీ గద్దే. భయంతో ఉన్న పాము తినదు. అందుకే అనుభవజ్ఞులు పెద్ద గాజు తొట్టె వాడరు. చిన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున కాగితం, ఒళ్లు రెండువైపులా ఆనేంత ఇరుకైన దాగుడు చోటు, ఒక నీళ్ల గిన్నె, అంతే. డబ్బాకు ఒక చివర మాత్రమే వెచ్చదనం ఇస్తారు. కార్న్ స్నేక్‌కైతే ఆ చివర దాదాపు 29 డిగ్రీలు ఉండాలి, రెండో చివర చల్లగా ఉండాలి. పాముకు ఒంట్లో వేడి బయటినుంచే రావాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు, పొట్టలోనే కుళ్లుతుంది. కాబట్టి చలిలో ఉన్న పిల్ల తిండి వద్దనడం దాని తెలివే. మంచి పెంపకందారు పాముకు వంక పెట్టే ముందు థర్మామీటర్ చూస్తాడు.

అన్నీ సరిగ్గా అమర్చినా తినని పిల్లలుంటాయి. అక్కడినుంచి కథంతా వాసనది.

పాము చీలిన నాలుకతో గాలిలోని, నేల మీది వాసన కణాలను పట్టి, నోటి పైకప్పులో ఉండే జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్ 1960లలో ఒక అందమైన ప్రయోగం చేశాడు. పుట్టి ఇంకా ఏమీ తినని పాముపిల్లల ముందు దూది చుట్టిన పుల్లలు పెట్టాడు. కొన్నిటిని మామూలు నీళ్లలో ముంచాడు, కొన్నిటిని వానపాములు, చేపలు నానిన నీళ్లలో ముంచాడు. గార్టర్ పాముపిల్లలు మామూలు నీటి దూదిని పెద్దగా పట్టించుకోలేదు. వానపాము వాసన దూది దగ్గరకు వచ్చేసరికి నాలుకలు గబగబా ఆడించి, ఆ దూదినే కరిచాయి. కీటకాలు తినే జాతి పిల్లలేమో కీచురాయి వాసనకు స్పందించాయి. ఆ తర్వాత స్టీవన్ ఆర్నాల్డ్ కాలిఫోర్నియాలో ఒకే జాతి గార్టర్ పాములను రెండు చోట్లనుంచి తెచ్చి చూశాడు. తీరప్రాంతం పాములు స్లగ్‌లనే జిగట పురుగులను తింటాయి, లోపలి కొండప్రాంతం పాములు తినవు. ఏ రుచీ ఎరగని వాటి పిల్లల్లోనూ అదే తేడా కనిపించింది. ఏది తిండో, ఏది కాదో చాలావరకు పుట్టుకతోనే వస్తుందన్నమాట.

అడవిలో కార్న్ స్నేక్ పిల్ల మొదట వేటాడేది చిన్న బల్లులను, చెట్టుకప్పలను. డబ్బాలో దానికి మనం పెట్టేది ఎలుకను. అది తిరస్కరిస్తే మొండితనం అనుకోవడం తప్పు. దాని దృష్టిలో అక్కడ తిండే లేదు.

నేర్పరులు ఏం చేస్తారంటే, ఎలుకపిల్లను వేడినీళ్లలో కడిగి దాని సొంత వాసన తగ్గిస్తారు. తుడిచి ఆరబెట్టి, ముక్కు మీద, తల మీద బల్లిని రుద్దుతారు. కొందరు ఇందుకోసమే ఒక బల్లిని ఫ్రీజర్‌లో దాచుకుంటారు. బల్లి విడిచిన పొర చిన్న ముక్క తడిపి అంటించినా చాలు. గోదురుకప్పలను ఇష్టపడే వెస్టర్న్ హాగ్‌నోస్ పాముపిల్లకైతే డబ్బా ట్యూనా చేప నీళ్లు పూస్తారు. ఇప్పటిదాకా పట్టించుకోని పిల్ల ఒక్కసారిగా ఆగి, నాలుక ఆడించే జోరు పెంచి, మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగుతుంది. అయినా పని అక్కడితో అయిపోదు. తర్వాతి పూటల్లో పూత కొంచెం కొంచెంగా తగ్గించాలి. తల్లి పాలన్నంలో పాలు తగ్గిస్తూ మెతుకులు పెంచినట్టుగా, చివరికి పూతే లేని ఎలుకను పాము మామూలుగా అందుకోవాలి. తొందరపడి ఒక్కసారే మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

వాసనా పనిచేయకపోతే కొందరు ఎలుకపిల్ల తల మీద చిన్న గాటు పెట్టి లోపలి ద్రవం బయటికి రానిస్తారు. చూడటానికి కష్టంగానే ఉంటుంది. చచ్చిన ఎలుకకు నొప్పి లేదు, ఆకలితో ఉన్న పిల్లకు మాత్రం ఆ వాసన చాలాసార్లు పనిచేస్తుంది. ఇంకొందరు పిల్లనూ ఎలుకనూ గాలి రంధ్రాలున్న చిన్న గిన్నెలో పెట్టి, రాత్రంతా చీకట్లో వదిలేస్తారు. తెల్లారి చూస్తే పొట్ట దగ్గర చిన్న ఉబ్బు కనిపించవచ్చు.

ఈ విద్యలో అన్నిటికన్నా నాజూకైన పని పాముకు విసుగు తెప్పించి తినిపించడం. న్యూగినీ ప్రాంతపు ఆకుపచ్చ చెట్టు కొండచిలువ పిల్లలు పుట్టినప్పుడు పసుపు రంగులోనో ఎర్రటి రంగులోనో ఉంటాయి. సన్నటి పుల్లకు చుట్ట చుట్టుకుని కూర్చుంటాయి. తొలి తిండి విషయంలో వీటికి పేచీలెక్కువ. రాత్రిపూట మసక వెలుతురులో, పొడవాటి పట్టకారుతో పట్టుకున్న ఎలుకపిల్లను పెంపకందారు పాము తోక దగ్గర, పక్కల మెల్లగా తాకిస్తాడు. ఎక్కువ తాకితే అది బెదిరి తల దాచుకుంటుంది, తక్కువైతే పట్టించుకోదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నని హద్దు పుస్తకం చదివితే రాదు, చేతికి తెలియాలి. చివరికి విసుగెత్తి పాము ఒక్క కాటు వేస్తుంది. అది ఆకలి కాటు కాదు, కోపం కాటు. ఆ క్షణంలో చెయ్యి రాయైపోవాలి. పట్టకారు కదలకూడదు, ఊపిరి దాని మీద పడకూడదు. ఏమాత్రం కదలిక ఉన్నా పాము పట్టు వదిలేస్తుంది. కదలకపోతే నోట్లో ఉన్న వస్తువు వెచ్చగా ఉంది, వాసన వస్తోంది, దాంతో కోపం మెల్లగా ఆకలిగా మారుతుంది. పాము పళ్లు వెనక్కి వంగి ఉంటాయి. కుడివైపు దవడ కాస్త ముందుకు జరిగి పట్టుకుంటుంది, తర్వాత ఎడమవైపుది. అలా తలే తిండి మీదుగా నడుచుకుంటూ పోతుంది. ఆ నడక మొదలయ్యేదాకా బిగదీసుకుని నిలబడే ఓర్పును చూసి నేను అబ్బురపడతాను. పట్టకారు విడిచే ఆ నిమిషంలో అంతకుముందు వారాల కష్టమంతా తేలిపోతుంది.

నోరు తెరిచి బలవంతంగా లోపలికి తోసే పద్ధతీ ఉంది. బరువు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు, పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి సాయంతో చేయాల్సిన ఆఖరి పని అది. లేత దవడ, గొంతు దెబ్బతింటాయి, భయం ఇంకా పెరుగుతుంది. మొదటి వారంలోనే దానికి దిగేవాళ్లను నేను పనిమంతులనను.

ఇదంతా విదేశీ జాతుల సంగతి. మన దగ్గర లెక్క వేరు. సిద్దిపేట జిల్లా వర్గల్ చుట్టుపక్కల పొలాల్లో వానలు పడ్డాక ఏ రాళ్ల కుప్ప పక్కనో, బాయి గట్టునో పాముపిల్ల కనిపిస్తే దాన్ని డబ్బాలో పెట్టి సాకాలనుకోకూడదు. జెర్రిపోతు, నాగుపాము వంటి మన పాములను పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి, సైటిస్ అనే అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం జాబితాలోని విదేశీ జాతులనైతే, 2022 సవరణ తర్వాత ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఇంట్లోకి పిల్ల వస్తే అటవీశాఖకో, హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటివాళ్లకో కబురు చేయడం సరైన దారి. వర్షాకాలపు పొలంలో జెర్రిపోతు పిల్లకు కావలసిన కప్పపిల్లలు కావలసినన్ని ఉంటాయి. దానికి ఎవరూ తినిపించనక్కర్లేదు.

నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే ఊళ్లు మనవి. పాముకు ఏదో ఒకటి పెట్టాలన్న ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ పాలు పాము తిండి కాదు. దానికి తాగడానికి కావలసింది నీళ్లే. పాములు ఆడించేవాళ్ల బుట్టలోని నాగుపాము పాలు తాగిందంటే, చాలాసార్లు దాన్ని ముందు రోజుల తరబడి దాహంతో ఉంచినందువల్లే. మనం పెట్టదలచింది పక్కనపెట్టి, అది ఏమడుగుతోందో కనిపెట్టడం దగ్గరే పైన చెప్పిన పనివాళ్లు నాకు గొప్పగా కనిపిస్తారు.

వాళ్లలో మంచివాళ్ల దగ్గర ప్రతి పిల్లకూ ఒక చీటీ ఉంటుంది. ఏ రోజు ఏం పెట్టారు, ఏ పూత పూశారు, తిన్నదా లేదా, కుబుసం ఎప్పుడు విడిచింది, గ్రాముల్లో బరువెంత అన్నీ రాస్తారు. తిన్నాక కనీసం రెండు రోజులు ముట్టుకోరు. కక్కేస్తే పది రోజులకు తక్కువ కాకుండా ఆగి, ఈసారి ఇంకా చిన్నది పెడతారు. పిల్ల ఒకసారి తినగానే అమ్మరు. పూత లేకుండా, పట్టకారు సాయం లేకుండా వరసగా కొన్ని పూటలు తిన్నదని చీటీలో కనిపించాకే ఇంకొకరి చేతికి ఇస్తారు. ఆ చీటీ కూడా పాముతోపాటే వెళ్తుంది.