ఆగి ఉన్న గంటలు

కరెంటు లారీ మాట ఎత్తితే చాలు, ఎర్రగుంట్లలో అందరూ అడిగేది ఒకటే: "ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతాది సార్?" లారీలకు లోడ్లు కుదిర్చి, ఏ బండి ఎప్పుడు కదలాలో చూడటం నా పని. అందుకే నా బుర్ర ముందు ఇంకో లెక్క మీదికి పోతుంది. మన బండి రోజులో ఎన్ని గంటలు కదలకుండా నిలబడుతోంది?

కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం (ఆర్టీపీపీ)లో బూడిద ఎత్తే బల్కర్ ట్యాంకర్‌నే చూడండి. చిలంకూరు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు పక్కనే ఉన్నాయి. జమ్మలమడుగు అవతలి చిన్నకొమెర్లకు పోయినా, కడప జిల్లా దాటి తాడిపత్రికి పోయినా వంద కిలోమీటర్లలోపే. రోజంతా కరిగిపోయేది మాత్రం రోడ్డు మీద కాదు. సైలో కింద వంతు రావాలి, కాటా కావాలి, ఫ్యాక్టరీ గేటు బయట లైన్లో ఉండాలి, లోపలికి పోయాక గాలి పట్టి బూడిదంతా పైకి తోసేదాకా ఆగాలి. డ్రైవరు బండి నీడన చాప పరుచుకుని ఒక కునుకు తీసి లేచినా సీరియల్ రాదు. ఆ గంటలన్నీ ఇప్పుడు మనకు నష్టం కింద రాసుకునేవే. కరెంటు బండికి అవే మేత వేళలు. 250 యూనిట్ల బ్యాటరీకి 240 కిలోవాట్ల చార్జర్ దొరికితే గంట, గంటన్నరలో పని అయిపోతుంది. మన దగ్గర కరెంటు లారీ గెలిచేదీ ఓడేదీ ఆ లైన్ దగ్గరేనని నా నమ్మకం. చార్జర్ ఊళ్లో పెట్రోలు బంకులో ఉంటే లాభం లేదు, ఫ్యాక్టరీ పార్కింగ్ యార్డులోనే ఉండాలి.

డబ్బు లెక్క కూడా అక్కడికే వస్తుంది. 55 టన్నుల ట్రెయిలర్ లోడుతో లీటరుకు రెండున్నర, మూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. లీటరు వంద రూపాయలనుకుంటే కిలోమీటరుకు 33 నుంచి 40 దాకా పడుతుంది, 35 వేసుకుందాం. కరెంటు బండికి కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్ కాలుతుందనుకుందాం. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా 15. మిగిలేది 20. కానీ బండి ధర డీజిల్ బండికి రెండు మూడు రెట్లు. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 12 లక్షలు మిగులుతాయి, కంతులకు ఊపిరి ఆడుతుంది. లైన్లో పడి రోజుకు 80 కిలోమీటర్లే తిరిగితే ఐదు లక్షలు కూడా రావు. కేంద్రం 2025 జులైలో పీఎం ఈ-డ్రైవ్ కింద లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ ప్రకటించింది. దేశం మొత్తానికి దాదాపు 5,600 లారీలకు, అదీ పాత లారీని తుక్కుకు ఇచ్చిన పత్రం చూపిస్తేనే. మంచిదే. కానీ బండి తిరగకపోతే ఆ రాయితీ ఏ మూలకు?

ఇదంతా ఎక్కడో జరిగే ముచ్చట అనుకోవద్దు. 2022లో ఆర్టీసీ అలిపిరి డిపోకు తెచ్చిన వంద ఎలక్ట్రిక్ బస్సుల్లో 50 తిరుమల ఘాట్‌కు, 12 తిరుపతి-కడప దారికి కేటాయించారు. ఆ బస్సులు చేసిన ఒలెక్ట్రా హైదరాబాద్ కంపెనీయే, 28 టన్నుల కరెంటు టిప్పర్ కూడా తయారుచేసింది. అల్ట్రాటెక్ మధ్యప్రదేశ్‌లోని ధార్ ప్లాంటు నుంచి మహారాష్ట్రలోని ధూలేకు సిమెంటు ముడిసరుకైన క్లింకర్‌ను కరెంటు లారీల్లో పంపుతోంది. తాడిపత్రి ప్లాంటు అదే కంపెనీది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ చేతికొచ్చాక చిలంకూరు, ఎర్రగుంట్ల ప్లాంట్లూ దాని కిందికే చేరాయి. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

ఘాట్ సంగతి అడుగుతారు, అడగాల్సిందే. రాయచోటి వైపు నుంచి గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో దిగే బండి వెనకాల వెళ్తే బ్రేకు లైనర్ కాలిన వాసన క్యాబిన్ నిండా కమ్ముకుంటుంది. డ్రైవరు చిన్న గేరులో పెట్టి, ఎగ్జాస్ట్ బ్రేకు పట్టి, మలుపు మలుపుకూ ప్రాణం బిగపట్టి దించుతాడు. 50 టన్నుల బరువు మూడు వందల మీటర్లు కిందికి దిగితే దాదాపు 40 యూనిట్ల శక్తి. ఇప్పుడు అందులో చాలావరకు బ్రేకుల్లో, ఇంజనులో వేడిగా పోతోంది. కరెంటు బండిలో మోటారే బండిని పట్టి ఆపుతూ, ఆ 40 యూనిట్లలో సగానికి పైగా బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బ్యాటరీ నిండుగా పెట్టుకుని ఘాట్ దిగకూడదు, నింపుకోవడానికి చోటు ఉండదు, మోటారు పట్టు సడలుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు క్వారీలో కరెంటు డంపర్ పైనుంచి రాయి నింపుకుని దిగుతూ, ఖాళీగా ఎక్కడానికి కావలసిన కరెంటు చాలావరకు తానే పుట్టించుకుంటుంది. మనకు ఆ అదృష్టం తక్కువ. మన సున్నపురాయి గనులు చాలావరకు గుంతలు, రాయితోనే పైకి ఎక్కాలి. చిత్తూరు వైపు పోయే మన సిమెంటూ ఘాట్ ఎక్కేదే. కాబట్టి మొదట ఘాట్ జోలికి పోకుండా బూడిద, క్లింకర్ దారులతో మొదలుపెట్టడమే తెలివి.

ఎండ నిజమైన సమస్య. మేలో నంద్యాల, కర్నూలులో 44 డిగ్రీలు వింత కాదు. ఆ వేడిలో బ్యాటరీని చల్లబరచడానికే కొంత కరెంటు పోతుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది. చార్జర్ల మీద రేకుల షెడ్డు వేయడం విలాసం కాదు. అయితే ఆ ఎండే మన ఆస్తి కూడా. గడివేముల మండలం బిలకలగూడూరులో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, అదే మండలంలోని గని నుంచి శకునాల దాకా వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మైలవరం మండలంలోనూ అంతే, సిమెంటూ సోలారూ ఇరుగుపొరుగే. సోలార్ కరెంటు దండిగా వచ్చే మధ్యాహ్నమే మన బండ్లు లైన్లో నిలబడి ఉంటాయి.

నాకు బెంగంతా డ్రైవర్ల గురించే. బత్తా కాకుండా, ఇచ్చిన డీజిల్‌లో పొదుపు చేసి మిగిల్చుకునేది చాలా ఇళ్లలో పిల్లల ఫీజు. కరెంటు బండిలో ఆ మిగులు ఉండదు, యూనిట్లన్నీ ఆఫీసు తెర మీద కనిపిస్తాయి. ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు: "పొగ లేదు, సప్పుడు లేదు, బాగనే ఉంది సార్. మరి నా మిగులు యాడికి పోయ?" కిలోమీటరుకు మిగిలే 20 రూపాయల్లో అతని వాటా ఎంతో బండి కొనే రోజే కాగితం మీద రాయాలి. అలాగే ఒకే లారీతో బతికే ఓనరుకు కోటి రూపాయల బండి కొనే తాహతు లేదు. మా లారీ ఓనర్ల అసోసియేషన్ పేరున కొని, సీరియల్‌లో అతనికీ వంతు ఇవ్వవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు విషయాలూ నేను లేవనెత్తుతాను.