నర్సమ్మ చేతి సూది

ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటల ఊళ్లలో ఒక నర్సమ్మ సూది బాగా వేస్తుందంటే, పిల్లాడు పెద్దగా ఏడవలేదని అర్థం. అంతకంటే మెచ్చుకోదగ్గ పని ఎవరి కంటా పడదు.

తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు వేసే తట్టు-రుబెల్లా టీకానే చూడండి. 0.5 మిల్లీలీటర్ల మందు కుడి జబ్బలో, చర్మానికీ కండకూ నడుమనున్న కొవ్వు పొరలోకే వెళ్లాలి. ఆమె రెండు వేళ్లతో చర్మాన్ని మెల్లగా పైకి పట్టి, 45 డిగ్రీల వాలులో సూది దించుతుంది. పొడిలో ద్రావకం కలిపిన వేళను సీసా మీదే రాస్తుంది. 4 గంటలు దాటితే ఎంత మిగిలినా ఆ మందు వాడదు.

ఇన్సులిన్ లెక్క వేరు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇచ్చిన ఈ మందు ఇప్పుడు మన ఇళ్ల ఫ్రిజ్‌లలో ఉంటోంది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. 100 సీసాలోని మందును 40 సిరంజి గీతలతో కొలిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. అందుకే సీసా, సిరంజి రెండూ చదివాకే మందు తీస్తుంది.

"నిన్న ఎక్కడ పొడుచుకున్నావు బాబాయ్?" అనడుగుతుంది. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఒంటబట్టదు. మందు ఎక్కించాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీస్తుంది, రుద్దనివ్వదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టదు.

టీకా వేశాక తల్లీబిడ్డల్ని అరగంట కూర్చోబెట్టి, జ్వరం వస్తే ఏం చేయాలో చెబుతుంది. మొదటి బిడ్డకు చదివినంత శ్రద్ధగా చివరి బిడ్డకూ లేబుల్ చదవడమే ఆమె పనితనం.