ఫుల్ అంటే ఎంత?

మన హోటళ్లలో ఫుల్ మీల్స్ అంటే ఇక అడిగే పనుండదు. అన్నం మళ్లీ వడ్డిస్తారు, సాంబారు బకెట్ తిరుగుతూనే ఉంటుంది. ఆ నమ్మకంతోనే రెండేళ్ల కిందట డాలస్‌లో ఉన్న మా అబ్బాయితో, "ఫుల్ సైజ్ కారే బుక్ చెయ్యరా, ఐదుగురం ఉన్నాం" అన్నాను. లాస్ వేగస్‌లో విమానం దిగి, అక్కడే కారు అద్దెకు తీసుకుని, గ్రాండ్ కెన్యన్ దక్షిణపు అంచుకి వెళ్లాలని మా ఏర్పాటు. దారి దాదాపు 280 మైళ్లు, అంటే 450 కిలోమీటర్లు.

ఆ దేశంలో ఫుల్ సైజ్ అంటే అన్నిటికన్నా పెద్ద బండి కాదని కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలిసింది. ఎకానమీ, కాంపాక్ట్, మిడ్ సైజ్ దాటాక వచ్చే మెట్టు అది. టొయోటా కామ్రీ లాంటి సెడాన్ ఇస్తారు. ఆ 'లాంటి' కూడా వాళ్ల మాటే. ఫలానా మోడలే ఇస్తామని మాటివ్వరు. రసీదు మీద ఎఫ్‌సీఏఆర్ అని నాలుగక్షరాలున్నాయి. మొదటిది సైజు, రెండోది బండి రకం, మూడోది గేర్ల సంగతి, నాలుగోది ఏసీ ఉందని చెప్పడానికి. మోకాళ్లకు మాత్రం అక్షరం లేదు.

డిక్కీ దగ్గర ఇంకో పాఠం. మిడ్ సైజ్ తరగతిలో వచ్చే టొయోటా కరోలా డిక్కీ సుమారు 13 ఘనపుటడుగులు, కామ్రీది 15. ఆ రెండు ఘనపుటడుగుల తేడాలో పట్టేది విమానంలో తల పైన పెట్టుకునే చిన్న పెట్టె ఒకటి. మా సూట్‌కేసులు, మనవరాలి తోపుడు బండి ఎలాగో సర్దాం. ఆవకాయ సీసా, బుల్లి రైస్ కుక్కర్ ఉన్న సంచి మిగిలిపోయింది.

వెనక సీట్లో ఒక కిటికీ వైపు పాప సీటు, రెండో వైపు నేను, మధ్యలో మా ఆవిడ, ఆవిడ ఒళ్లో ఆ సంచి. "ఇబ్బందిగా ఉందా?" అంటే, "నాకేం, బాగానే ఉంది" అంది. దారిలో కింగ్‌మన్ ఊళ్లో పెట్రోలుకి ఆగినప్పుడు చూశాను. దిగి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కాళ్లు సాగాకే అడుగు వేసింది. ముప్ఫై ఐదేళ్లుగా ప్రతి ప్రయాణంలో ఆ మధ్య సీటు ఎవరిదో నాకప్పుడు లెక్కకొచ్చింది.

బండి ఎంచుకోవడమంటే తలలు లెక్కపెట్టడం కాదు. మన ఇన్నోవా కూడా అంతే: ఏడుగురూ ఎక్కితే వెనక సామానుకి పెద్దగా చోటుండదు. అందుకే ఇప్పుడు సంతకానికి ముందు పెట్టెలన్నీ డిక్కీలో పెట్టి, తలుపు మూసి చూస్తాను. తర్వాత వెనక మధ్య సీట్లో పది నిమిషాలు నేనే కూర్చుంటాను.

పోయిన వేసవిలోనూ అలాగే కూర్చున్నాను. కాళ్ల కింద మిట్ట, మోకాళ్లు గడ్డం దాకా. మా ఆవిడ బయటినుంచి వంగి చూసి, "ఎలా ఉందండీ?" అంది.

"బాగానే ఉంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. మా అబ్బాయి ఏమీ అనకుండా కౌంటర్ వైపు నడిచాడు, మినీవ్యాన్ ఉందేమో కనుక్కోవడానికి.