ఏటేటా చేయించుకునే ఇల్లు

కోనసీమలో పాత మండువా లోగిలి చూడబోయినవాళ్లు ముందు స్తంభాల నగిషీ చూస్తారు. నేను తలెత్తి మూలవాసాలు చూస్తాను. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, మండువా మూలల్లో కలుసుకునే చోట్లవి. ముసురు పట్టిందంటే నీళ్లన్నీ ఆ మూలలకే దిగుతాయి. కలప చెడితే మొదట అక్కడే చెడుతుంది.

ఈ ఇళ్లు వరి డబ్బుతో లేచాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద డెల్టా పండింది. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. రంగూన్ టేకు ఓడలెక్కి వచ్చి దూలాలూ ద్వారబంధాలూ అయింది. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. మనవైపు బెంగుళూరు పెంకులుగా చలామణీ అయినవి ఆ రకమే. అంతకుముందు ఊరి కుమ్మరి కాల్చిన గూనపెంకో, తాటాకో కప్పేవారు.

గదుల అమరికా సేద్యాన్ని బట్టే. వీధి అరుగు మీద కౌలు మాటలు, కూలి లెక్కలు. లోపల ధాన్యం గాదెలు, అటక మీద కొబ్బరికాయలు. మండువాలో పడ్డ వాన తూము గుండా బయటికి పోతుంది. పెరట్లో నుయ్యి, గడ్డిమేటు, పశువుల పాక.

ఇంటి అసలు తెలివి మాత్రం పెంకులో ఉంది. తిరగేసి చూస్తే అడుగున చిన్న ముక్కులుంటాయి. అవి రీపరుకు తగులుకుంటాయి. అంచున గాడి పక్క పెంకును పట్టుకుంటుంది. మేకు లేదు, సున్నం లేదు. కోతి దూకి ఒకటి పగిలితే, పై వరస కాస్త ఎత్తి పగిలింది లాగేసి కొత్తది తోయడమే. పగులుతుందని కట్టినవాళ్లకు ముందే తెలుసు.

మా ఇంట్లో రోహిణి కార్తె రాగానే పెంకులు సర్దే మనిషికి కబురు వెళ్లేది. కింద వాసం ఉన్న చోటే ఆయన అడుగు వేసేవాడు. నడిమధ్య కాలు మోపితే పెంకు పటుక్కుమంటుంది. సాయంత్రానికి గంప నిండా పెంకుముక్కలు దిగేవి.

ఆ ఒక్క పని ఎగ్గొడితే ఈ ఏడు చెమ్మ, పై ఏడు చెద, ఆ తర్వాత దూలం. కలప పిరమైంది, పనివాళ్లు దొరకడం లేదు, నిజమే. అయినా నే చూసిన ఇళ్లలో చాలావాటికి ఆ రెండింటికన్నా పెద్ద జబ్బు వాటాలు. అన్నదమ్ములు గదులు కొలతేసి మరీ పంచుకుంటారు. పెంకుల ఖర్చు పంచుకోవాల్సి వచ్చేసరికే పేచీ.