స్మిత్ కాళ్ల మీద వేసిన వల

స్టీవ్ స్మిత్ బంతి పడకముందే ఆఫ్ స్టంప్ వైపు జరిగిపోతాడు. వెనక లెగ్ స్టంప్ ఖాళీగా కనిపిస్తుంది. ఇంకేం, ఎల్బీడబ్ల్యూ ఖాయమనుకుని బౌలర్ నేరుగా కాళ్ల మీదకు వేస్తాడు. స్మిత్ మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపేస్తాడు. విసుగొచ్చి బయట వేస్తే కట్ చేస్తాడు. 2019 యాషెస్‌లో ఇంగ్లండ్ బౌలర్లు ఈ రెండింటి మధ్యే నలిగిపోయారు. నాలుగు టెస్టుల్లో 774 పరుగులు కొట్టాడు.

మరుసటి ఏడాది మనవాళ్లు ఆస్ట్రేలియా వెళ్లి అతనికి వేసిన బౌలింగ్ చూశాక, నేను ఎప్పటి నుంచో నమ్ముతున్న మాట ఇంకా గట్టిపడింది. పెద్ద బ్యాట్స్‌మన్ దగ్గర లోపం కోసం వెతుక్కుంటూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. అతనికి బాగా ఇష్టమైన షాట్ ఏదో చూసుకుని, అక్కడే మనిషిని నిలబెట్టాలి.

ఆ పథకం పుట్టింది లాక్‌డౌన్‌లో, ఫోన్ మీద. హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన అప్పటి ఫీల్డింగ్ కోచ్ ఆర్. శ్రీధర్ ఆ తర్వాత చెప్పిన సంగతి ఇది. 2020 జులైలోనే హెడ్ కోచ్ రవిశాస్త్రి బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్‌కు ఫోన్ చేసి, ఆస్ట్రేలియన్లకు ఆఫ్‌సైడ్ అన్నదే లేకుండా చేయాలన్నాడట. స్మిత్, లబుషేన్‌ల పరుగుల్లో పెద్ద భాగం కట్ మీదా, ఆఫ్‌సైడ్ షాట్ల మీదా వస్తోంది. ఆ దారి మూసేసి స్టంపుల మీదే బంతులు వేయాలి, లెగ్‌సైడ్ మనుషుల్ని నింపాలి. ఆడితే అటే ఆడాలి.

ఇక్కడో చిన్న చిక్కుంది. 1932-33లో బ్రాడ్‌మన్‌ను ఆపడానికి ఇంగ్లండ్ కెప్టెన్ జార్డైన్ ఇదే పని మరీ క్రూరంగా చేశాడు. లార్వుడ్ బంతులు ఒంటి మీదకు వస్తుంటే లెగ్‌సైడ్ దగ్గరగా ఫీల్డర్లు గుంపుగా కాచుకున్నారు. తర్వాత వచ్చిన నిబంధన ప్రకారం లెగ్‌సైడ్‌లో క్రీజు గీతకు వెనక వికెట్‌కీపర్ కాక ఇద్దరికి మించి ఉండకూడదు. ఉన్న ఆ ఇద్దరిని ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పటి కెప్టెన్ పనితనం.

అడిలైడ్‌లో స్మిత్ 29 బంతులాడి ఒక్క పరుగు చేశాడు. ఆపైన అశ్విన్ బంతి లోపలికి తిరగకుండా నేరుగా వెళ్లి అంచు తాకింది, స్లిప్‌లో రహానే పట్టేశాడు. ఆ వికెట్‌ను ఆ ఒక్క బంతి ఖాతాలో వేయడం నాకు ఇష్టముండదు. దానికి ముందు పరుగు రాని బంతులన్నిటికీ అందులో వాటా ఉంది. మెల్‌బోర్న్‌లో కెప్టెన్‌గా ఉన్న రహానే తొలి గంటలోనే అశ్విన్‌ను దింపాడు. నడుము దగ్గరికి లేచిన బంతిని స్మిత్ అలవాటుగా కాళ్ల పక్కకు నెట్టాడు. వేలసార్లు ఒక పరుగు తెచ్చిపెట్టిన షాట్ అది. ఈసారి అక్కడ పుజారా ఉన్నాడు. సున్నా! ఆ ఇన్నింగ్స్‌లోనే లబుషేన్ కూడా సిరాజ్ బంతిని ఫ్లిక్ చేసి లెగ్‌సైడ్ గిల్‌కు దొరికిపోయాడు. సిరాజ్‌కూ గిల్‌కూ అదే తొలి టెస్టు. సిరాజ్‌కు అదే తొలి టెస్టు వికెట్. రెండో ఇన్నింగ్స్‌లో బుమ్రా స్మిత్‌ను కాళ్ల వెనక నుంచి బౌల్డ్ చేశాడు.

కానీ ఏ పథకమూ కలకాలం పనిచేయదు. అశ్విన్‌ను తన మీద పెత్తనం చేయనిచ్చానని స్మిత్ స్వయంగా ఒప్పుకున్నాడు. సిడ్నీలో క్రీజు వదిలి ముందుకొచ్చి ఆడి 131, 81 కొట్టాడు. 2001లో కోల్‌కతాలో మన లక్ష్మణ్ చేసిందీ అదే. లెగ్ స్టంప్ బయట గరుకులో వార్న్ బంతి తిప్పుతుంటే ముందుకొచ్చి కవర్స్ మీదుగా కొట్టాడు. అలాంటి బంతినే మరోసారి మిడ్‌వికెట్‌కు మళ్లించాడు. రెండో ఇన్నింగ్స్‌లో వార్న్‌కు 34 ఓవర్లలో 152 పరుగులకు దక్కింది ఒకే వికెట్. ఏ బంతి ఎటు పోతుందో తెలియనప్పుడు ఫీల్డర్‌ను ఎక్కడ పెడతారు?

బ్రిస్బేన్‌కు వచ్చేసరికి బుమ్రా లేడు, అశ్విన్ లేడు, జడేజా లేడు. మూడో టెస్టు ఆడుతున్న సిరాజే పెద్ద దిక్కు. తండ్రి పోయిన వార్త విన్నాక కూడా ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయిన కుర్రాడు. అతన్ని హైదరాబాద్ రంజీ జట్టులో తీర్చిదిద్దింది కూడా విజయవాడలో పుట్టిన ఈ భరత్ అరుణే. నాలుగో రోజు స్మిత్ 55 మీద ఉన్నాడు. సిరాజ్ బంతి కాస్త పొట్టిగా పడి ఒక్కసారిగా లేచింది, గ్లవ్ తాకి గల్లీలో రహానే చేతికి చేరింది. నెలరోజులుగా కాళ్ల దగ్గర కాపలా కాసుకుంటున్న మనిషి చివరికి ఆఫ్‌సైడ్ చిక్కాడు. నా లెక్కలో ఆ సిరీస్ మొత్తానికీ మేటి బంతి అదే. సిరాజ్ 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. మర్నాడు, 2021 జనవరి 19న, 1988 తర్వాత గాబాలో ఆస్ట్రేలియా తొలిసారి టెస్టు ఓడింది.

క్రికెట్ నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే, వచ్చే టెస్టు వాళ్లతో కలిసి చూడండి. బౌలర్ పరుగు అందుకునే ముందు ఫీల్డర్లు ఎక్కడెక్కడ ఉన్నారో లెక్కపెట్టించండి. బంతి ఎక్కడ పడబోతోందో వాళ్లనే చెప్పమనండి.