లంగరుకు చిక్కిన బుర్ఖా

మణిరత్నం అంటే మాకు ప్రాణం. 'గీతాంజలి' (1989) చూసి ఏడ్చినవాళ్లం. 1995లో ఆయన కొత్త సినిమా 'బొంబాయి' వచ్చిందంటే, అదీ మా గురించంటే ఎట్లా ఆగుతాం? ఇంటర్ చదివే దోస్తులం నలుగురం మొదటి వారమే హాల్లో ఉన్నాం.

శేఖర్ కోసం పరుగెత్తే షైలాబాను బుర్ఖా లంగరుకు చిక్కుతుంది. దాన్నక్కడే వదిలేసి పోతుంది. హాలంతా ఈలలు. మేం నలుగురం చప్పుడు చేయలేదు. ఆ పిల్ల ప్రేమించడం మాకూ ఇష్టమే. కానీ ఇల్లు ఇద్దరూ వదిలారు, ఒంటిమీది గుర్తు మాత్రం ఆమె ఒక్కతే ఎందుకు వదలాలి?

దర్శకుడికి దురుద్దేశం అంటగట్టను. హిందూ తండ్రిగా నాజర్‌ని, ముస్లిం తండ్రిగా కిట్టిని పెట్టాడు. ఆ తండ్రులిద్దర్నీ ఒకే మంటలో చంపాడు. అటు కత్తి, ఇటు కత్తి. అంతా సమానం.

మా పేచీ ఆ తూకంతోనే. 1992 డిసెంబర్, 1993 జనవరి అల్లర్లలో చనిపోయిన 900 మందిలో ముస్లింలు 575, హిందువులు 275 అని శ్రీకృష్ణ కమిషన్ 1998లో తేల్చింది. ఏ చావైనా చావే. కానీ నేలమీద లేని సమానం తెరమీద చూపిస్తే అది న్యాయం కాదు, చూసేవాళ్లకు ఓదార్పు.

సినిమా చివర అందరూ చేతులు పట్టుకుంటారు. మేమూ పట్టుకుంటాం. బుర్ఖాతో, టోపీతో, మా పేర్లతోనే పట్టుకుంటాం. ఆ దృశ్యం తీయగల కెమెరా కోసం చూస్తున్నాం.